ఎర్విన్ నమ్మని అంకె

తన చేత్తో కొలవని అంకెను ఎర్విన్ నమ్మడు. చర్చి గోపురానికి నూట పన్నెండు మెట్లని ఫాదర్ అంటే, ఎక్కి దిగొచ్చి, ఎవరిదో పెళ్లి జరుగుతుండగానే "నూట పదకొండే!" అని ప్రకటించాడు.

సైలీషియా బొగ్గు గనుల సీమలోని ఆ ఊరికి కరెంటూ, చలికాలంలో ఇళ్లకు వేడీ ఇచ్చే బొగ్గు కేంద్రంలో అతనిది పొగ లెక్కల ఉద్యోగం. పక్క బల్ల టెక్లాది. ఏడాదిలో ఎన్ని టన్నుల కర్బన వాయువు వదిలితే అన్ని అనుమతి పత్రాలు బజార్లో కొని ప్రభుత్వానికి అప్పగించాలి. బొగ్గులో కర్బనమెంతో చాలామంది ప్రభుత్వం అచ్చేసిన సగటు పట్టిక చూసి వేసేస్తారు. ఎర్విన్ మాత్రం ప్రతి వ్యాగన్ ఎక్కి, పారతో తవ్వి, సంచిలో నింపి లాబ్‌కు మోస్తాడు.

"పట్టిక ఉందిగా మహానుభావా!" అనేది టెక్లా, అతని మసి అడుగులు చూసి.

"ఆ పట్టిక మన బొగ్గును ఎప్పుడైనా చూసిందా?"

ఆ సంవత్సరం పత్రాల ధర మండిపోయింది. పట్టిక లెక్కన పత్రాలు చాలవని, రెండో బాయిలర్ ఆపేద్దామని డైరెక్టర్ లోష్కా తేల్చేశాడు. గని కార్మికుల పాత కాలనీకి వేడి వెళ్లేది దాన్నుంచే. మూడొందల గడప.

"ఈ లెక్క మీద సంతకం పెట్టు ఎర్విన్."

"పెట్టను."

"అందరూ పట్టికే వాడతారయ్యా!"

"అందరి బొగ్గు సంగతి నాకెందుకు? మనదాంట్లో రాయి ఎక్కువ. టన్నుకు పట్టిక చెప్పినదానికన్నా నూటికి ఏడు పాళ్లు కర్బనం తక్కువ."

"నువ్వు కొలిస్తే చెల్లుతుందా?"

"సొంత కొలత వాడుకోవడానికి నాలుగేళ్ల కిందటే అనుమతి తెచ్చాను. దరఖాస్తు మీద సంతకం మీదే. చదవకుండా పెట్టారు."

టెక్లా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

లోష్కా ముఖం ఎర్రబడింది. "నీకెందుకింత మొండితనం? మన వేడి గొట్టం నీ ఇంటికి రాదు కూడా!"

"రాదు. అయినా పెట్టను. ఉద్యోగం తీసేయండి, రేపటి వ్యాగన్ కూడా ఎక్కుతాను."

ప్రభుత్వం నుంచి తనిఖీకి వచ్చినావిడ మూడు రోజులు లాబ్ కాగితాలు తిరగేసి, ఎర్విన్ లెక్కే సరైనదంది. పత్రాలు సరిపోయాయి. బాయిలర్ ఆగలేదు.

ఆ తర్వాతి సోమవారం కాలనీ నుంచి హిల్డా మామ్మ ఫోన్ చేసింది. "మీ ఎర్విన్ నిన్న మళ్లీ వచ్చాడమ్మా టెక్లా! ఆదివారమొస్తే చాలు, గదిలో వేడి కొలుస్తానంటూ ఇల్లిల్లూ తిరుగుతాడు."

"అయ్యో, నేను చెప్తాను మామ్మా..."

"ముందు విను. చలిగాలి వస్తోందని నా కిటికీ సందులన్నీ పూడ్చిపోయాడు. ఇప్పుడు కిటికీ తెరుచుకోదు!"

"వేరే మనిషిని పంపనా?"

"ఎందుకూ? గది వెచ్చగా ఉంటేను! వచ్చే ఆదివారం అతన్నే పంపు. గసగసాల కేక్ చేస్తున్నాను. పొట్ట ఖాళీగా పెట్టుకుని రమ్మను."