బావగారి కొలతలో బామ్మర్ది

లోకంలో ఎవరినైనా అర్థం చేసుకోవడానికి బావగారి దగ్గర ఒకటే కొలబద్ద ఉండేది: స్క్విడ్ అనే పది చేతుల సముద్రప్రాణి. సముద్రజీవుల పరిశోధనశాలలో స్క్విడ్ పిల్లల తొట్ల గదికి ఆయన పెద్ద. మనిషి ఎదురైతే కుశలం అడిగేవారు కాదు. ఆ మనిషి స్క్విడ్డే అయితే ఏం తినే దశలో ఉండేవాడో తేల్చేవారు.

అప్పుడే పుట్టిన స్క్విడ్ పిల్ల నువ్వుగింజకి పెద్ద, బియ్యపుగింజకి చిన్న. ఇసుక రేణువంత నీటిపురుగుల్ని తింటుంది. కాస్త ఎదిగాక రొయ్యల్ని, ఇంకా ఎదిగాక చేపల్ని, ఆకలి ముదిరితే సాటి స్క్విడ్‌నీ తింటుంది. ఈ నాలుగు అరల్లోనే బావగారు మానవజాతిని సర్దేశారు. గుమాస్తాది రొయ్యల దశ. తన భార్యది చేపల దశ. డైరెక్టరుగారిది ఆఖరి దశ; ఆ ముక్క మాత్రం తలుపు వేసి చెప్పేవారు.

అదే గదిలో ఆయన కింద పనిచేసే బామ్మర్దిది పురుగుల దశ.

బామ్మర్దికి ఇది మింగుడుపడలేదు. అంత చదువుకి కనీసం చేపల దశైనా దక్కాలని అతని అంచనా. నిజమేమిటంటే, కాగితం మీద మూడో దశాంశ స్థానం దాకా వెళ్ళే ఆ పెద్దమనిషి, నలుగురి ముందు నిలబడితే సొంత పేరు కూడా ఉజ్జాయింపుగా చెప్పేవాడు.

"బావా, ఈసారి డైరెక్టరుగారి సమీక్షలో నేను మాట్లాడతాను," అన్నాడోరోజు భోజనాల దగ్గర.

"నీకింకా పురుగులు చాలు."

"అక్కా, చూడు మీ ఆయన్ని!"

"చూస్తూనే ఉన్నాన్రా, పెళ్ళయినప్పట్నుంచీ. కూర వేసుకో."

బావగారు అతనికి ఇచ్చిన పని, వారం వారం తొట్లు చూడవచ్చే జనానికి జవాబులు చెప్పడం. మొదటివారమే ఒక ముసలమ్మ, మేత పట్టలేక చచ్చి తేలిన పిల్లల్ని చూసి అడిగింది: "పది చేతులు పెట్టుకుని పస్తులుండి చావడమేంటి నాయనా?" అతను కళ్ళద్దాలు తుడిచాడు. అప్పటికీ ఆమె కదలకపోతే తొట్టి అద్దం కూడా తుడిచాడు. మరుసటి వారానికి జవాబు సిద్ధం చేసుకున్నాడు. అడిగినావిడ రాలేదు, వచ్చినవాళ్ళు అది అడగలేదు.

"ఇది నా చదువుకి తగిన పనేనా బావా?"

"పురుగుల దశకి తగినదే. వెళ్ళు, జనం వచ్చారు."

అంతలో డైరెక్టరుగారు తొట్ల గది మీద కన్నేశారు. బతికున్న నీటిపురుగుల్ని పెంచడం దండగని, ఆ పెంపకం మానకపోతే గదికే తాళం వేస్తామని అన్నారు. సమీక్ష రోజున బావగారు మెడకి మఫ్లర్ చుట్టుకొచ్చి, గొంతు పోయిందని సైగ చేసి, బామ్మర్ది వైపు వేలు చూపించి కూర్చున్నారు.

డైరెక్టరుగారు మొదలుపెట్టారు. "నెమ్మదిగా కదిలే చవక మేత వెయ్యండి. ఇప్పుడు మాత్రం సగం పిల్లలు చావట్లేదూ? అన్ని చేతులుండీ తినలేకపోతే మన తప్పా?"

బామ్మర్ది కళ్ళద్దాలు తుడిచాడు. తుడిచి పెట్టుకునేసరికి ప్రశ్న ఎక్కడో విన్నట్టు తోచింది.

"అమ్మా..." అన్నాడు డైరెక్టరుగారితో.

సభ గొల్లుమంది. ఇక పోవడానికి పరువేమీ మిగలలేదు గనక అతను ధారాళంగా సాగిపోయాడు.

"మొదట్లో వాటి పొడవాటి చేతులు రెండూ వేటకి పనికిరావండీ. ఒళ్ళంతా విసిరి పురుగు మీద పడతాయి. అది తప్పించుకుంటుంది. అలా తప్పుతూనే నేర్చుకుంటాయి. నెమ్మది మేతతో పెంచామనుకోండి, బొద్దుగానే ఎదుగుతాయి. తర్వాత చురుకైన పురుగు ఎదురైతే పట్టలేవు. అందుకే చిన్నప్పుడే పారిపోయే మేత వెయ్యాలి."

తన మాట తన చెవిన పడింది. ముసలమ్మ, వారం వారం వచ్చిన జనం, చేతికి చిక్కకుండా జారిపోయిన ఆ ప్రశ్నలు... బావ తనకి వేస్తున్న మేతేమిటో తెలుసుకోవడానికి ఇంత చదువుకున్నవాడికి డైరెక్టరుగారు అడ్డం రావలసివచ్చింది.

"సరే, పెంచుకోండి," అన్నారు డైరెక్టరుగారు చివరికి. "నన్ను మాత్రం అమ్మా అనకండి."

బామ్మర్ది క్యాంటీన్ దాకా వెళ్ళకముందే వసారాలోకి కేక వినిపించింది: "టీలో పంచదార ఏదయ్యా!" లోపల మఫ్లర్ కుర్చీకి వేలాడుతోంది.

"గొంతు వచ్చిందా బావా?"

"ఇప్పుడే."

"మరి ఇవాళ్టితో నాది ఏ దశ?"

బావగారు అతన్ని తల నుంచి కాలి దాకా కొలిచారు. "చేపలు."

బామ్మర్ది పొంగిపోయి పక్క కుర్చీ లాక్కున్నాడు. బావగారు తన ప్లేటు జాగ్రత్తగా అవతలికి జరుపుకున్నారు.

"తర్వాతిదేంటో తెలుసుగా? ఆ చివర కూర్చో."