పిడికెడు బియ్యం

మా పెద్దమ్మ శుక్రవారం పొద్దున పోయింది. ఇంకా స్నానమైనా చేయించలేదు, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వరుస కట్టాయి. మధ్యాహ్నం సమాధి దగ్గర సంఘపెద్ద మైకు పట్టుకుని, ఆమె త్యాగజీవి అని, సిలువ మోసిన తల్లి అని అరగంట మాట్లాడాడు. మట్టి వేయడానికి వచ్చినవాళ్లు ఎండకు మాడిపోతున్నా వదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ త్యాగం కళ్లముందు జరుగుతున్నప్పుడు ముక్కు చిట్లించిన మొదటి మనిషి ఆయనే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక డోర్నకల్, గార్లల నడుమ ఉన్న మా ఊళ్లో ఇద్దరమే ఒక ఇంట్లో ఉన్నాం. ఎసరు పెట్టి, ఇద్దరికీ సరిపడా బియ్యం సోలతో కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆమె మూలనున్న కుండలో వేసేది. తగ్గిన అన్నం తన కంచంలోనే తగ్గేది. ఆదివారం ఆ కుండ గుడికి పోయేది. ఒకప్పుడు మా సంఘం ఆడవాళ్లంతా ఇలాగే తెచ్చి, ప్రభువు బల్ల ముందున్న బుట్టలో పోసేవాళ్లు. దిక్కులేని ముసలివాళ్ల ఇళ్లకు ఆ బియ్యం వెళ్లేది.

తర్వాత అందరికీ తెలివి వచ్చింది. పూటపూటా తీయడం ఎవరికి కుదురుతుంది? గుడికి బయల్దేరేముందు సంచిలోంచి ఒక్కసారే గిన్నెడు ముంచుకొచ్చేవాళ్లు. నేనూ అంతే. పెద్దమ్మ చూసి, "కొలిసినదాంట్లకెల్లి తీస్తే నీ కడుపుకు తెలుస్తది బిడ్డా. సంచిలకెల్లి తీస్తే సంచికేం తెలుస్తది?" అన్నది. నవ్వేశాను.

చివరికి సంఘపెద్ద బుట్టే తీయించాడు. బియ్యానికి పురుగు పడుతోందట, గుడి అందం పోతోందట. ఈస్టరుకు ముందు శ్రమకాలం నలభై రోజులూ మాంసం కూర మానేశానని గ్రూపులో రోజూ చాటుకుని, పండుగనాడు మంచమెక్కేదాకా తినే మనిషి ఆయన. పెద్దమ్మ మాత్రం బుట్ట ఉండేచోటే నేలమీద కుండ పెట్టి, ఆరాధన అయ్యాక తానే మోసుకెళ్లి ఒక ముసలమ్మకు ఇచ్చేది. "ఇంక గీ బియ్యమేందవ్వా, పరువు తీస్తున్నవ్" అని ఆయన అందరి ముందూ అంటే, కుండ మీది బట్ట సర్దుకుంది, అంతే. మళ్లీ ఆదివారం తెచ్చింది. అలా ఏళ్లకేళ్లు తెచ్చింది.

పోయినేడు ఆమెకు జబ్బు చేసింది. మహబూబాబాద్ దవాఖానలో కడుపునిండా తినమన్నారు. నేను తెలివిగా సోల మీద ఇంకో పిడికెడు కలపడం మొదలుపెట్టాను. రెండో రోజే కనిపెట్టి, రెండు పిడికిళ్లు తీసింది. నీ పిడికెడు లేకపోతే దేవుడు పస్తులుంటాడా అని అరిచాను.

"ఆయనకేం తక్కువైతది? నాకే ఎక్కువైతది" అన్నది. తీసిన బియ్యం కుండలో పోస్తూ, "ఒక్కపూట ఎవలైన మానుతరు. రేపు మల్ల ఆకలైతది సూడు, అప్పుడు మానాలె" అన్నది.

మొండి ముసల్ది అనుకున్నాను. ఆ సంఘపెద్దను తిట్టే నోరు నాకెక్కడిది? ఆయన గుడిలో నుంచి బుట్ట తీయించాడు, నేను ఇంట్లోనే ఆమె కళ్లుగప్పబోయాను.

చివరి గురువారం ఆమెకు జావ తప్ప గొంతు దిగలేదు. మంచం పక్కన చాటలో బియ్యం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె చూపు నా చేతి మీదే ఉంది. సరే, నీ మాటే కానీ అని పిడికిలి పట్టి చూపించాను. ఆమె చెయ్యి చాచి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. లోపల నాలుగు గింజలున్నాయి. నా చేతిని మెల్లగా మళ్లీ బియ్యంలోకి నెట్టింది.

ఆదివారం ఆ కుండ పట్టుకుని గుడికి వెళ్లాను. పాత బుట్ట వెనక గదిలో ఉంది, అందులో మైకు వైర్లు వేసుకున్నారు. వాటిని నేలమీద గుమ్మరించి, బుట్టను బల్ల ముందు పెట్టి బియ్యం పోశాను. సంఘపెద్ద ఏదో అనబోయాడు. మొన్న సమాధి దగ్గర తానన్నది గుర్తొచ్చిందేమో, నోరు మూసుకున్నాడు.

సోమవారం పొద్దున ఒక్కదానికే బియ్యం కొలిచి పిడికిలి పట్టాను. ఎందుకో నమ్మకం కలగక వేళ్లు విప్పి చూసుకున్నాను. సగమే ఉన్నాయి. చేతిని మళ్లీ బియ్యంలోకి నెట్టాను.