ఎదురొచ్చిన అక్క

మా అక్క పోయింది. పోయిన నెలల ఒకనాడు పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, జర నడుం వాలుస్తనని పండుకున్నది. మళ్ల లేవలే. తాండూరుల మా ఇంటికొచ్చినోళ్లందరు "ఏడువు, మనసు తేలికైతది" అన్నరు. ఏడ్చిన. గానీ రాద్దామని కూసుంటే మాత్రం, మేమందరం కలిసి తిరిగొచ్చిన ఆ ప్రయాణమే కండ్ల ముందరికొస్తున్నది. ఏం చేయను, సంబురం ఆగుతలేదు! చదివే మీరు తప్పుగ అనుకోవద్దు.

అక్కకు చిన్న వయసులనే మొగుడు పోయిండు. అప్పటిసంది మాతోనే ఉన్నది. నా బిడ్డను పెంచింది ఆమెనే. మా దిక్కు ఒక పట్టింపు ఉన్నది: ఎవరన్న ఊరికి బయలెల్లేటప్పుడు మొగుడు పోయిన ఆడిది ఎదురు రావద్దంటరు. మేము ఎవ్వరం అనకముందే అక్క దాన్ని నెత్తిన పెట్టుకున్నది. నేను లారీల నాపరాతి బండల లోడు ఏసుకొని వికారాబాద్ పోయినా, బిడ్డ కాలేజీకి పోయినా, సద్ది కట్టిచ్చి వంటింట్లకు పోయి తలుపేసుకునేది. లోపటి నుంచే ఒక మాట: "పోత అనకుండ్రి, పోయొస్త అనుండ్రి."

బిడ్డ, అల్లుడు హైదరాబాద్‌ల కొలువు చేస్తరు. ఒకనాడు బిడ్డ వచ్చి గోడకు దేశాల పటం అంటించింది. "నాయినా, డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, నార్వే! అందరం పోతున్నం. అత్తమ్మ గూడ."

నేను ఏడో తరగతి చదివినోన్ని. ఆ ఊర్ల పేర్లు నోరు తిరగక ఇల్లంత నవ్వినం. అక్క మాత్రం, "నేనెందుకు బిడ్డా? అంత దూరంల ఏమన్నైతే నా మీదికే వస్తది" అన్నది. బిడ్డ ఇనలే.

ఇగ చూడాలె మా ఇల్లు! నడి ఎండకాలంల స్వెటర్లు తొడిగి, బూట్లేసుకొని వాకిట్ల నడక నేర్చుకున్నం. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏంది వదినా, మీ ఇంట్ల మంచు పడ్డదా?" అన్నది.

"ఇంక పడలే. పడంగనే పిలుస్త" అన్నది అక్క.

సకినాలు, పల్లిపొడి, చింతకాయ తొక్కు, మన కందిపప్పు. సంచి మూత పడకుంటే అక్కనే దాని మీదెక్కి కూసున్నది.

బయలెల్లేనాడు అందరం కారుల కూసున్నం. అక్క లేదు. పోయి చూస్తే, కొత్త స్వెటర్ తొడుక్కొని, బూట్లు చేత పట్టుకొని, వంటింట్ల తలుపేసుకొని నిలబడ్డది! అలవాటు. తాను గూడ వస్తున్నదన్న సంగతే మరిచింది.

"అత్తమ్మా, దాక్కుంటివా? నీకు గూడ టికెట్ ఉన్నది గదనే!" బిడ్డ నవ్వుకుంట ఏడ్చింది.

నా భార్య కారు బందు చేయించింది. "వదినా, గల్లీ మొగదలకు పోయి ఎదురుగ రా. నువ్వొస్తేనే బండి కదుల్తది" అన్నది. అక్క నా దిక్కు చూసింది. "పో అక్కా" అన్న. చేతిల నీళ్ల చెంబు, కాళ్లకు బూట్లు, టపటప అడుగులేసుకుంట గల్లీ నడుమ నుంచి మాకు ఎదురుగ నడిచొచ్చింది.

కోపెన్‌హాగన్‌ల దిగితే మా సంచొకటి రాలే. అక్క మొఖం చిన్నబోయింది. "చెప్పిన్నా, లేదా?"

బిడ్డ చెయ్యి చూపించింది. "గా తెల్లోళ్ల సంచులు గూడ రాలే అత్తమ్మా. మరి వాళ్లకెవరు ఎదురొచ్చిండ్రు?"

అక్క కడుపు పట్టుకొని నవ్వింది. అన్నేండ్లల గట్ల నవ్వంగ నేను చూడలే. మర్నాడు సంచి వచ్చింది, తొక్కు గూడ కారకుంట సల్లగ ఉన్నది! ఇగ ఆమెను ఆపేటోళ్లెవరు? స్టాక్‌హోమ్‌ల రాళ్లు పరిచిన బజార్ల నడుచుకుంట, "వీటికంటే నీ బండలే నయం తమ్మీ" అన్నది. హెల్సింకికి పోయే ఓడల అందరికంటే ముందరికి పోయి కటకటాలు పట్టుకొని నిలబడ్డది. కొంగు జెండ లెక్క ఎగురుతుంటే ఎనుకకు తిరిగి, "ఇంత పెద్ద ఓడకు నేనే ముందర!" అని ఒర్లింది.

తిరిగొచ్చినంక ఇంట్ల ఎవరు బయలెల్లినా, చెంబు పట్టుకొని గల్లీ మొగదలకు పోయేది. "ఆగుండ్రి, నేను ఎదురొస్త." మేము ఆగేటోళ్లం.

దినాలైనంక మొన్న బిడ్డ హైదరాబాద్ బయలెల్లింది. అల్లుడు కారు చాలు చేసిండు, మళ్ల బందు చేసిండు. అందరం గల్లీ మొగదల దిక్కే చూసుకుంట కూసున్నం.