గడీ ముందర సైకిల్ దిగడం

ఆ సైకిల్ మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించేది నాకు. వనపర్తిలో ఒక వకీలు వాడి వాడి మూలన పడేసినదాన్ని కొన్నాను. సీటు తోలు చిరిగింది, మడ్గార్డులు ఊడిపోయాయి, బ్రేకులు లేనే లేవు. అయితేనేం, దాన్ని తొక్కుకుంటూ ఇంటికొచ్చిన రోజు అంగీ నిండా గాలి నింపుకుని, దారి పొడుగునా పిచ్చివాడిలా నవ్వుకున్నాను.

మేము మేరవాళ్లం, బట్టలు కుట్టి బతికేవాళ్లం. నాగర్‌కర్నూల్‌లో ఒక బట్టల దుకాణం అరుగు మీద నా చేతి మిషను ఉండేది. అంతకుముందు రోజూ మా ఊరి నుంచి నడిచి పోతే, అక్కడికి చేరేసరికే సగం ప్రాణం పోయేది. సైకిల్ వచ్చాక పొద్దుటి చల్లగాలి నాదే, దారి నాదే. ఎద్దులబండ్లను దాటి దూసుకుపోతుంటే బండ్లవాళ్లు వెనక నుంచి తిట్టేవాళ్లు. ఆ తిట్లు కూడా ముద్దుగానే ఉండేవి.

ఒక్కచోట మాత్రం రక్తం ఉడికిపోయేది. దారి మా ఊరి దొర ఉండే కోటలాంటి గడీ ముందు నుంచే పోతుంది. అక్కడ మాలాంటివాళ్లు సైకిల్ మీద కూర్చుని పోకూడదు, చెప్పులు తొడుక్కుని పోకూడదు. దిగి, చెప్పులు చేతబట్టి, తల వంచుకుని సైకిల్‌ను నడిపించుకుంటూ పోవాలి. అరుగు మీద కూర్చున్న కాపలావాడు మమ్మల్ని చూస్తూ మీసం దువ్వేవాడు. ఆ మీసం పట్టి గుంజాలని రోజుకోసారి అనుకునేవాణ్ణి.

దిబ్బ మీద నుంచి గడీ దగ్గరికి దారి ఏటవాలుగా దిగుతుంది. బ్రేకులు లేవు కనుక నా చెప్పే నాకు బ్రేకు. చెప్పుకాలు ముందు టైరుకు అదిమితే బండి ఆగేది. ఆగాకే చెప్పులు విప్పేవాణ్ణి. ఒకనాడు, చెప్పులు ఆలస్యంగా విప్పాడని ఒక ముసలాయనను గడీ మనుషులు చెంపలు వాచేలా కొట్టడం చూశాను. ఎందుకొచ్చిన తంటా అని మర్నాడు దిబ్బ మీదనే చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించి, బండి ఎక్కాను.

సగం దిగాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. వట్టి కాలు టైరుకు అదిమితే చర్మం లేచిపోయింది, బండి ఆగలేదు. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కాపలావాడు నోరు తెరిచి చూస్తుండగా గడీ ముందు నుంచి రివ్వున దూసుకుపోయాను. భయపడాల్సింది పోయి పకపకా నవ్వాను. అంత ఆనందం నేను మళ్లీ ఎరగను.

సాయంత్రం తిరిగి వస్తూ పద్ధతిగానే దిగాను. అయినా కాపలావాడూ మరో ముగ్గురు గడీ మనుషులూ పట్టుకున్నారు.

"బ్రేకు లేదన్నా. చెప్పులు ముందే ఇడిసిన, అందుకే ఆగలే" అన్నాను.

"మరి నవ్వినవేందిరా?" అన్నాడు కాపలావాడు.

నలుగురూ మీద పడ్డారు. నేనూ ఊరుకోలేదు. కాపలావాడి ముంజేతిని కొరికి, కండ తెగేదాకా వదల్లేదు. నోట్లో వాడి రక్తం ఉప్పగా తగిలింది. అప్పుడు నన్ను గుంజకు కట్టేశారు, కాపలావాడే గొడ్డలి కామ కర్రతో నా కుడి మోకాలు మీద కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. దొర మేడ దిగి చూడను కూడా లేదు. సైకిల్‌ను తుమ్మ కంపలో విసిరేశారు.

కాలు అతికింది గాని మళ్లీ వంగలేదు. ఇక తొక్కలేనని తెలిసిన రోజు ఇంట్లో కుండలన్నీ పగలగొట్టాను. చేతి మిషను కనుక పనికి అడ్డం లేదు, కాని దుకాణం దాకా పోయేదెట్లా? పోకపోతే ఇల్లు గడిచేదెట్లా? తమ్ముడు సైకిల్ బాగు చేయించి, బ్రేకులు వేయించుకొచ్చి, నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

గడీ దగ్గరపడగానే వాడి కాళ్లు నెమ్మదించాయి.

"దిగుదామా అన్నా?"

"దిగకు."

కాపలావాడు లేచి దారికి అడ్డం వచ్చాడు. తమ్ముడు నేల మీద కాలు ఆనించి ఆగాడు.

"దిగుండ్రి" అన్నాడు కాపలావాడు.

"కాలు నువ్వే ఇరగ్గొట్టినవు గదా" అన్నాను. "దిగి నడుసుడు ఇంక నాతోని కాదు. దించాల్నంటే నువ్వే నన్ను ఎత్తుకో. గడీ దాటేదాక మోసి, అవతల మళ్ల ఎక్కియ్యి."

ఒక మేరవాణ్ణి చంకనెత్తుకుని గడీ ముందర నడవడమంటే ఎంత నామోషీనో వాడికి తెలుసు. మేడ వైపు ఒకసారి చూశాడు. నా కాలు వైపు చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"తొక్కు తమ్మీ" అన్నాను.

గడీ గోడ పొడుగునా చెప్పులతో, కూర్చునే పోయాను. మలుపు తిరిగాక తమ్ముడు ఏడుస్తున్నాడని వాడి వీపుకు ఆనిన నా చెంపకు తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. ఇంకా జోరుగా తొక్కమని వాడి వీపు మీద పిడికిలితో గుద్దుతూనే ఉన్నాను.