మేకలు మేసిన చీటీలు

తెలంగాణ వచ్చిన కొత్తలో ఖాళీ అట్టడబ్బా సంపాదించడం ఉద్యోగం సంపాదించడం కన్నా కష్టమంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. (నవ్వనీ. వాళ్లకు డబ్బాలు ఇంటి గడప దాకా నడిచొస్తాయి.) అప్పుడు నేను దేవరకొండలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాసేదాన్ని. ఆఫీసు నల్లగొండకు మారుతోంది. పాత కాగితాలన్నీ అక్కడికి చేర్చే పని కొత్తగా చేరిన నా నెత్తిన పడింది. "ఆఫీసు మారిన తెల్లారే ఆడిటర్ వస్తడు. ఏ సంవత్సరమడిగితే ఆ డబ్బా ముందట వెట్టాలె. లేకుంటే ఇంట్ల గూసో," అన్నాడు మిల్లు సేటు. ఉద్యోగం చేస్తానని మా బాపుతో వాదించి గెలిచి వచ్చినదాన్ని. ఇంట్లో కూర్చుంటే ఆయన గెలిచినట్టే కదా!

రోజూ పొద్దున బజారులో ఒక దుకాణదారుతో కొట్లాడి డబ్బా తేవడం, సాయంత్రం అందులో ఒక సంవత్సరం కాగితాలు సర్ది తాడు బిగించడం. సంవత్సరం రాసిన చీటీని మైదా ఉడికించి పైన అతికించాను. గమ్ము దండగ అనుకున్న తెలివి నాదే, పురుగు పట్టకుండా మైదాలో ఉప్పు కలిపిన తెలివీ నాదే. తర్వాత డీసీఎం వ్యాను నడిపే చాచాతో గొంతు పోయేదాకా బేరమాడి కిరాయి సగానికి దించాను.

చాచా పక్కన కూర్చుని బయల్దేరాను. దారిలో వారపు అంగడి దగ్గర ఆయన బండి ఆపి, కాసేపటికి ఈల వేస్తూ వచ్చి ఎక్కాడు. కొంత దూరం పోయాక వెనక నుంచి "మే" అని వినిపించింది.

"చాచా, గీ మేకలెక్కడియి?"

"నువ్వు కిరాయి సగం జేసినవు బేటీ, నేను జాగా సగం జేసిన."

బీకాం చదివిన నాకు ఆ లెక్కలో తప్పు దొరకలేదు.

నల్లగొండలో వెనక తలుపు తీస్తే డబ్బాల మీద ఒక్క చీటీ లేదు. అట్టకు మాత్రం పంటిగాటు కూడా పడలేదు. ఏడవాల్సిన చోట నాకు అనుమానం పుట్టింది. కాగితం తిన్న మేక అట్టనెందుకు వదిలింది? మిగిలిన మైదా గిన్నె సంచిలోనే ఉంది, వేలు పెట్టి నాకి చూశాను. ఉప్పఉప్పగా, నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది.

"యా అల్లా! నువ్వు గూడ తింటున్నవా?" అన్నాడు చాచా.

తెల్లారి ఆడిటర్ ఒక సంవత్సరం అడిగాడు. సేటు నన్ను చూశాడు, నేను డబ్బాలను చూశాను. సబ్బుల డబ్బా దగ్గర చూపు ఆగింది. 'సబ్బు కొంటెనే డబ్బా' అన్న దుకాణదారుతో, 'నీ సబ్బుకు నురుగొస్తే కొంట' అని జగడమాడిన సాయంత్రం సర్దింది ఆ సంవత్సరమే. తాడు విప్పితే అదే! బిస్కెట్లది ఒక జగడం, మందులది ఇంకొకటి. అడిగిన ప్రతిదీ తీసి ముందు పెట్టాను.

"చీటీల్లేకుండ ఎట్ల గుర్తువడుతున్నవు?" సేటు నోరు తెరిచాడు.

"అన్నీ కొట్లాడి తెచ్చిన సార్."

"మరి గా మూలకున్నది?"

"అదొక్కటి ఊరికెనే ఇచ్చిండు సార్. అందుల ఏమున్నదో నాకు తెల్వది."

ఇప్పుడు నా ఆఫీసుకు డబ్బాలన్నీ ఒకే తీరువి, అచ్చు చీటీలతో, ఎవరినీ ఒక్క మాట అనకుండానే వస్తాయి. చీటీ ఊడితే ఏది ఏదో నాకే తెలియదు. మొన్న డబ్బాలు దించిన మనిషితో ఊరికే ఒక జగడం పెట్టుకుందామా అనిపించింది. పాపం, నవ్వుతూ మంచినీళ్లడిగాడు. ఇచ్చి పంపేశాను.