రెండు జేబుల్లో రెండు కాగితాలు

మా ఊళ్లో అభిప్రాయం లేని మనిషి లేడు. యూరో వచ్చాక మేకపాల ధర ఎలా చచ్చిందో, పింఛన్లు ఎవడు కోశాడో, ఫోన్లలో తలలు దూర్చి పిల్లలు ఎలా పాడైపోతున్నారో ఎవర్ని కదిపినా అరగంట చెబుతారు. నీలం కుర్చీల కాఫీ దుకాణంలో కూచునే పార్టీవాళ్లు ఒకలా చెబుతారు, ఎదురుగా ఆకుపచ్చ కుర్చీల దుకాణంలోని పార్టీవాళ్లు ఇంకోలా చెబుతారు. మంగలి స్తేర్యోస్ మాత్రం రెండింటికీ పోడు. రెండు రకాల గడ్డాలూ ఆయన దగ్గరికే వస్తాయి.

ఆయన దుకాణానికీ నా రొట్టెల బట్టీకీ మధ్య ఒకటే గోడ. ఇరవై ఆరేళ్లుగా ఆ గోడ అవతలి మాటలు వింటున్నాను.

"ఈ బ్యాంకులోళ్లందర్నీ వరసగా నిలబెట్టి తన్నాలి, స్తేర్యోస్."

"తన్నాల్సిందే."

పావుగంట గడిచాక ఇంకో గడ్డం. "బ్యాంకులే లేకపోతే అడుక్కుతినేవాళ్లం. ఏమంటావు?"

"తినేవాళ్లమే."

ఓసారి ఒళ్లుమండి అడిగేశాను. "నీకంటూ ఒక మాట లేదా అన్నా?"

"ఎందుకు లేదు చెల్లెమ్మా. అది పైకి చెబితే రేపు నా కత్తి కింద మెడ పెట్టేదెవడు?"

గోడ మీద పిల్లి అని ఊరంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను. కానీ ఒక్క విషయంలో ఆయన మాట ఏమిటో నాకు తెలుసు. కొండమీద కరెంటు తీసే గాలిమరలు పెడతామని కంపెనీవాళ్లు వచ్చి కొలతలు తీసుకుపోయిన రోజున తలుపు మూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ మరల కోసం వేసే రోడ్డు సరిగ్గా నీటిబుగ్గ నెత్తిమీంచి పోతుంది. బుగ్గ ఎండితే ఈ ఊళ్లో ఇంకేం మిగుల్తుంది?" చెప్పేసి వెంటనే వీధివైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

ఆ అక్టోబరులో ఊరి అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. మరలు రావాలనే లాంబ్రోస్ ఒకవైపు, వద్దనే రిటైరైన టీచరు ఎవాంథియా ఇంకోవైపు. మాకు ఓటరు చేతికి రెండు కాగితాలిస్తారు, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు. తెర వెనక్కి వెళ్లి ఒకటి కవర్లో పెట్టి అంటించాలి, రెండోది బుట్టలో పారెయ్యాలి. అది చట్టం. మా ఊరి ఆచారం వేరు. రెండోది జేబులో వేసుకుని బయటికొచ్చి, ఓటేస్తానని మాటిచ్చినవాడికి చూపించాలి. అవతలివాడి కాగితం చేతిలో మిగిలిందంటే, ఓటు ఇవతలివాడికి పడ్డట్టే. మా తాతల నాటి నుంచీ ఇదే నడుస్తోంది, సిగ్గుపడిన మొహం ఒక్కటీ నేను చూడలేదు.

గురువారం లాంబ్రోస్ గడ్డానికొచ్చాడు. నేను పిండి పిసకడం ఆపి విన్నాను.

"మీ గరిఫలియా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి కదూ?"

కత్తి చప్పుడు ఆగింది. గరిఫలియా ఆయన ఒక్కతే కూతురు. మునిసిపాలిటీ తరఫున ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, మందులు తెచ్చిపెట్టే పని. ఎనిమిది నెలలు పని, నాలుగు నెలలు ఖాళీ, మళ్లీ ఎవరో ఒకరి దయ. ముప్పైమూడేళ్ల పిల్ల జీవితమంతా ఆ సంతకం మీదే ఉంది.

"పట్నంలో మేయరు నా మాట కాదనడు. ఆదివారం ఆ టీచరమ్మ కాగితం తెచ్చి నాకు చూపించు, చాలు."

"తెస్తాను."

శుక్రవారం ఎవాంథియా తమ్ముడు ఆర్గీరిస్ వచ్చాడు. మంగలి దుకాణం గది అతనిదే. "మా అక్కకి తెలీదు, తెలియక్కర్లేదు కూడా. లాంబ్రోస్ కాగితం తెచ్చి చూపించు. లేదంటే ఈ గది ఇంకొకరు అడుగుతున్నారు."

"తెస్తాను," అన్నాడు స్తేర్యోస్. ముందు నుయ్యి, వెనక గొయ్యి. శనివారమంతా గోడ అవతల ఆయన కత్తి సానబడుతూనే ఉన్నాడు.

ఓట్ల పనికి చీటీలు తీస్తే నా పేరొచ్చింది, ఆదివారం బళ్లో ఓట్ల బల్ల దగ్గర కూచున్నాను. స్తేర్యోస్ చావులకు వేసుకునే కోటు తొడుక్కుని వచ్చాడు. తెర వెనక చాలాసేపున్నాడు. కవరు పెట్టెలో వేసి గబగబా బయటికి నడిచాడు. కిటికీలోంచి చూశాను. మొదట బడి వాకిట్లో కొళాయి దగ్గర లాంబ్రోస్‌కి కుడిజేబులోది తీసి చూపించాడు. లాంబ్రోస్ ఆయన భుజం తట్టి, "మీ అమ్మాయి సంగతి నాకొదిలెయ్," అన్నాడు. తర్వాత బడి వెనక్కి వెళ్లి, అటు కిటికీ పక్కనే ఆర్గీరిస్‌కి ఎడమజేబులోది చూపించాడు. నాకు అర్థమైపోయింది. రెండు కాగితాలూ బయటికొచ్చాయంటే, కవర్లో ఏముంది?

సాయంత్రం ఏడింటికి లెక్క. ఊరంతా గోడలకానుకుని నిలబడింది. నేను కవరు కోస్తే, ఎన్నిక జరిపించడానికి పట్నం నుంచి పంపిన లాయరమ్మ తీసి చదువుతోంది. ఇరవై మూడోది తీసి వెలుగుకి పట్టింది.

"ఖాళీ."

లాంబ్రోస్ తల తిప్పి ఒక్కొక్కరి మొహమే చూడటం మొదలుపెట్టాడు. స్తేర్యోస్ పక్కవాళ్ల వెనక్కి జరిగాడు. ఆ చూపు ఆయన మీదికి వచ్చి ఆగబోతుంటే ఇంకో కవరు కోశాను.

"ఖాళీ."

తర్వాత ఇంకోటి. ఆపైన ఇంకోటి. పదకొండు. నీలం కుర్చీలవాళ్లూ ఆకుపచ్చ కుర్చీలవాళ్లూ తేలు కుట్టిన దొంగల్లా కాళ్లకేసి చూస్తున్నారు. దాచడమెందుకు, అందులో ఒకటి నాది. ఎవరు గెలిచినా బడిపిల్లల రొట్టెల ఆర్డరు నాకే కావాలి మరి.

"నాకు ఎనభై మూడు మంది చూపించారు!" లాంబ్రోస్ అరిచాడు. "డెబ్భై నాలుగే పడ్డాయేంటి?"

"నాకూ ఎనభై ఒకటి..." అనేసి ఆర్గీరిస్ నోరు మూసుకున్నాడు. ఎవాంథియా తమ్ముడి వైపు తిరిగి, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ కాగితాలు బయటికెలా వచ్చాయండీ?" అడిగింది లాయరమ్మ. జనం తలుపు వైపు జరిగారు. ఆమె గడియారం చూసుకుని, ఆఖరి బస్సుకి టైమైందని సంతకాలు చేయించింది. లాంబ్రోస్ డెబ్భై నాలుగు, ఎవాంథియా డెబ్భై మూడు.

నేను మిగిలిన రొట్టె పట్టుకుని మంగలి దుకాణానికి వెళ్లేసరికి స్తేర్యోస్ కూతురికి ఆయాసపడుతూ చెబుతున్నాడు.

"పదకొండు మందమ్మా! అందులో నేనెవరో వాడికేం తెలుసు? నీ ఉద్యోగానికి ఢోకా లేదు తల్లీ."

గరిఫలియా తెల్లకోటు మడతపెట్టి సంచిలో పెడుతోంది. "పొద్దున్న లాంబ్రోస్ నన్నూ అడిగాడు నాన్నా, కాగితం తెచ్చి చూపించమని. చూపించనన్నాను. టీచరుగారికే వేస్తానని మొహమ్మీదే చెప్పాను. నెలాఖరు తర్వాత ఇంట్లో కూచోమన్నాడు."

"పొద్దున్నా?" స్తేర్యోస్ కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "వాడు కొళాయి దగ్గర నా భుజం తట్టాడే... నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్లి వాడి కాళ్లు పట్టుకుంటావని."

"ఏం చూసుకుని అంత ధైర్యం చేశావే?"

"నిన్ను చూసుకునే. నీటిబుగ్గ గురించి అన్నం దగ్గర నువ్వు బాధపడని రోజుందా? ఊరందరి ముందూ నోరెత్తకపోయినా, తెర వెనక ఒక్కడివే ఉంటావు కదా అనుకున్నా." సంచి భుజాన వేసుకుంది. "ఒక్క ఓటు నాన్నా. ఒక్కటి."

ఆయన ఊరివాళ్ల కోసం వేసిన ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. గరిఫలియా నావైపు చూడలేదు, ఆ మాట తండ్రితోనే అంది. నేను రొట్టె బల్ల మీద పెట్టి, తలెత్తకుండా బయటికొచ్చేశాను.