కళ్లు కనబడకపోయినా మూసిన వాల్వ్

బోయిన్‌పల్లి పెట్రోల్ బంకులో నేను మేనేజరుగా చేరి అప్పటికి రెండు నెలలు. మాకు ట్యాంకర్ తెచ్చే డ్రైవరును అందరం చాచా అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. ఎంత తొందరపెట్టినా నిదానంగానే లోడు దించేవాడు. నాకు విసుగొచ్చేది.

ఒకరోజు పొద్దున పెట్రోలు దిగుతుండగా, ట్యాంకర్‌కు బిగించిన పైపు ఉన్నట్టుండి ఊడింది. పెట్రోలు ఎగజిమ్మి నేరుగా చాచా ముఖాన పడింది. కళ్లు తెరవలేకపోయాడు. అయినా పారిపోలేదు. ట్యాంకర్‌ను తడుముకుంటూ రెండడుగులు వేసి, వాల్వ్ దొరకబుచ్చుకుని మూసేశాడు. ఆ తర్వాతే అరిచాడు.

"బండ్లు ఎవ్వరూ స్టార్ట్ చేయొద్దు! కరెంటు బంద్ చేయిండ్రి!"

మా వాళ్లు పరుగెత్తారు. నేను మాత్రం కాగితాలు పట్టుకుని అక్కడే కొయ్యబారిపోయాను.

"బేటీ, ఉన్నవా? నాకేం కనబడుతలేదు. జెర నల్లా కాడికి తీస్కపో."

ఆ మాటతో నాలో కదలిక వచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, చొక్కా విప్పించి, అంబులెన్సు వచ్చేదాకా కళ్లలో నీళ్లు పోస్తూనే ఉన్నాను. మధ్యలో ఆయన అడిగింది ఒక్కటే: "పెట్రోలు ఆగిందా?"

"ఆగింది చాచా. ఇసుక పోస్తున్నరు."

చూపు దక్కింది. మెడ మీద చర్మం మాత్రం బొబ్బలెక్కి ఊడింది. నెల తిరక్కుండానే కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ లోడుతో వచ్చాడు. ట్యాంకర్ యజమాని పంపింది అదే పాత పైపు.

"కొత్తది వచ్చేదాంక నేను దించ. నువ్వు సుత దించుకోనని చెప్పు, బేటీ."

ఉద్యోగంలో అప్పటిదాకా నేనెవరికీ కాదని చెప్పలేదు. ఆ రోజు ట్యాంకర్ యజమానికి ఫోన్ చేసి చెప్పేశాను. స్టాక్ లేదని బోర్డు పెడితే వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. చాచా నీడలో కూర్చుని డబ్బా విప్పి, నాకూ ఒక రొట్టె ఇచ్చాడు.

"ఆ రోజు నాకు కాలు చెయ్యి ఆడలే చాచా," అన్నాను.

"నాకు మాత్రం భయం కాలేదా? మరి నీళ్లు పోసిందెవరు?"

మధ్యాహ్నం మూడింటికి ఆటోలో కొత్త పైపు వచ్చింది. చాచా లేచి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే నిదానంగా పనిలోకి దిగాడు. నేను తొందరపెట్టలేదు.